ఎడమ మడ్‌గార్డు

మురళి పోయాడని నాకు మూడో రోజుకు గాని తెలియలేదు. అతని భార్య ఫోన్ చేసి, అతని ఫోన్‌లో నా నంబరు కనిపెట్టడానికి ఇన్ని రోజులు పట్టిందని, ఏమీ అనుకోవద్దని చెప్పింది. మర్నాడు పొద్దున్నే చిత్తూరులో బస్సెక్కి చంద్రగిరిలో దిగి, అక్కడినుంచి ఆటోలో వాళ్ల ఊరికి పోయాను. ఇంటి పక్కనే రేకుల షెడ్డు. అందులో అతను చివరిగా చేసిన పని అట్లాగే ఉంది. ఒక పాత ట్రాక్టరు బానెట్టు, రెండు మడ్‌గార్డులు, ఒక గ్రిల్లు గోడకు ఆనించి ఉన్నాయి. అన్నిటికీ అడుగుపూతగా ఎర్రటి ప్రైమరు కొట్టి ఆరబెట్టాడు. పైన రంగు వేయడానికి అతను లేడు. ఎవరో బంధువులావిడ నన్ను చూసి, ఆయనకు మీరేమవుతారమ్మా అని అడిగింది. మా నాయన షెడ్డులో పనిచేసేవాడని చెప్పాను. అది నిజమే, కానీ అందులో చెప్పనిదే ఎక్కువ. నేను పిల్లలకు ముప్పైయేళ్లు తెలుగు చెప్పాను, ఏవేవో పుస్తకాలు రాశాను. ఈ ఒక్క సంగతి మాత్రం ఎక్కడా రాయలేదు. ఇప్పుడు రాస్తాను.

మా నాయన చెంగల్రాయుడు వడమాలపేటలో, పుత్తూరు పోయే రోడ్డు పక్కన ట్రాక్టర్లకు రంగులు వేసేవాడు. రంగు వేయడం అంటే చూసేవాళ్లకు గన్ను పట్టుకుని పిచికారీ కొట్టడమే అనిపిస్తుంది. అది ఒక పూట పని. దానికి ముందు వారం రోజుల పని ఎవరికీ కనిపించదు. వచ్చిన బండికి బానెట్టు, మడ్‌గార్డులు విప్పి, వేడినీళ్లలో చాకలి సోడా కలిపి, ఏళ్లనాటి గ్రీజు, మట్టి, పేడ కడగాలి. పాత రంగు బ్లేడుతో గీకాలి. తుప్పు వైరు బ్రష్షుతో రాల్చి, ఉప్పుకాగితంతో రేకు తెల్లగా మెరిసేదాకా రుద్దాలి. రంగు పలచన చేసే తిన్నరులో ముంచిన గుడ్డతో తుడిచి, ఇక ఆ రేకును ఒట్టి చేత్తో తాకకూడదు. చెమట చెయ్యి పడితే మర్నాటికి వేళ్ల గుర్తులు అట్లాగే తుప్పుగా పైకి తేలతాయి. ఆకాశంలో మబ్బు ఉంటే నాయన ప్రైమరు డబ్బా మూత తీసేవాడు కాదు. చెమ్మ లోపల చిక్కితే రంగు పొక్కులు పొక్కుతుందని, రంగు చేసే మోసమంతా దాని కిందనే ఉంటుందని చెప్పేవాడు.

షెడ్డు వెనకే మా ఇల్లు. అందువల్ల మా ఇంట్లో అన్నిటికీ తిన్నరు వాసన, మగ్గిపోయిన అరటిపండు వాసన లాంటిది. బడిలో నా పుస్తకాలు తెరిస్తే పక్కన కూచున్న పిల్లలు పండ్లు తెచ్చుకున్నావా అని అడిగేవాళ్లు. అమ్మ నాయన పని బట్టలకు వేరే తీగ కట్టింది, వేరే తొట్టి పెట్టింది. పొద్దు వాలగానే నాయన బావి పక్కన రాతిమీద కూచుని, చేతులకు కిరసనాయిలు రాసుకుని, దానిమీద పొయ్యి బూడిద వేసి, గోళ్ల సందుల్లో కొబ్బరిపీచు పెట్టి రుద్దుకునేవాడు. అంత రుద్దినా ఆ ఎరుపు పోయేది కాదు. ఆ చేత్తోనే రాగిసంగటి ముద్ద తుంచుకుని, శెనక్కాయలు మిరపకాయలు వేయించి అమ్మ రోట్లో నూరిన ఊరిబిండిలో అద్దుకుని తినేవాడు. తింటున్నప్పుడు మాట్లాడేవాడు కాదు. తిన్నాక ఆ రోజు పట్టిన రేకు గురించి రెండు మాటలు చెప్పేవాడు. ఏ ఊరి బండి, ఎక్కడ నీళ్లు నిలిచేవి, ఎవరు కడగకుండా వదిలేస్తారు అని. రేకును చూస్తే దాని మనిషి తెలుస్తాడని ఆయన నమ్మకం.

నేను ఇంటర్ పాసయి, టీచరు ట్రైనింగులో సీటు కోసం ఎదురుచూస్తూ ఇంట్లో ఉన్న ఏడాది, షెడ్డులో చేసే మనిషి తిరుపతిలో పెద్ద షెడ్డుకు పోయాడు. అదే ఏడు నాయనకు కుడి భుజం పట్టేసింది. చెయ్యి పైకి ఎత్తలేకపోయేవాడు. నేనే పోయి ఉప్పుకాగితం చేతిలోకి తీసుకున్నాను. ఆడపిల్ల చేతులు పాడైపోతాయని, చూడవచ్చేవాళ్లు ముందు చేతులే చూస్తారని అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు నాయన పాత చొక్కా ఒకటి కత్తిరించి నా కొలతకు కుట్టి, మాట్లాడకుండానే తీగమీద వేసింది. నాకు ఆ పని నచ్చింది. చదువులో ఎంత చదివినా మార్కులు వచ్చేదాకా తెలియదు. ఇక్కడ చెయ్యి పెట్టిన చోటల్లా రేకు బయటపడేది. మధ్యాహ్నానికి ఒక మడ్‌గార్డు శుభ్రం చేసి ఎండలో పెడితే కళ్లు మిరుమిట్లు గొలిపేది. నాయన దగ్గరికొచ్చి, వేలి కణుపులతో దాన్ని కొట్టి వినేవాడు. అనుమానం ఉన్న చోట స్క్రూడ్రైవరు మొన ఆనించి అదిమేవాడు. లోపలికి దిగితే అక్కడ రేకు లేనట్టు. తుప్పు మాత్రమే రేకు ఆకారంలో నిలబడి ఉన్నట్టు. ఆ ముక్క కోసేసి కొత్త రేకు అతికించాలి. అది దిగిన చోట పట్టీ పెట్టకూడదు. పట్టీ అంటే సొట్టలు నింపే ముద్ద. సొట్టకే గాని బొక్కకు కాదు. ఆయన నాకు నేర్పింది చాలా ఉంది, గట్టిగా చెప్పింది ఇదొక్కటే.

ఆ ఏడు దసరాకు ముందు అయిదు బండ్లు వచ్చాయి. ఆయుధపూజకు అందరికీ కొత్తగా మెరవాలి. అందులో ఒకటి చంద్రగిరి పక్క పల్లె నుంచి వచ్చిన దామోదరానిది. అన్నదమ్ములిద్దరు, దామోదరం, మురళి, ఆ ట్రాక్టరుతో చెరుకు తోలుకుని బతికేవాళ్లు. తండ్రి లేడు. తల్లి మునెమ్మ. నాయన భుజం అప్పటికి మరీ పట్టేసి, పుత్తూరు పోయి కట్టు కట్టించుకున్నాడు. రెండు రోజులు అక్కడే ఉండాల్సి వచ్చింది. నేను ఒక్కదాన్నే దామోదరం బండి ఎడమ మడ్‌గార్డు గీకుతున్నాను. దాని అడుగున, కాళ్లు పెట్టుకునే పలకకు బోల్టులు బిగించే చోట, లోపలివైపు మట్టి గడ్డకట్టి ఉంది. ఆ మట్టి రాల్చి, స్క్రూడ్రైవరు పెట్టి అదిమాను. దిగిపోయింది. పక్కన పెట్టాను, దిగిపోయింది. మూడో చోట అదమకుండానే దిగింది.

ఆపేసి ఉండాలి. నాయన వచ్చేదాకా పక్కన పెట్టి ఉండాలి. ఆపితే ఆ బండి ఆయుధపూజకు అందదు. నేను పనిమీద ఉన్నప్పుడు షెడ్డు ఒక బండి ఇవ్వలేకపోయిందన్న మాట వస్తుంది. అంతకన్నా పెద్ద కారణం ఏమీ లేదు. నాకు పందొమ్మిదేళ్లు, నా చేతి పని మీద నాకు గర్వం, అంతే. రంగులో తడిపిన గుడ్డముక్కలు వెనకనుంచి బొక్కల్లో కూరి, ముందువైపు పట్టీ గట్టిగా నింపాను. ఆరాక నీళ్లు చల్లుతూ సన్న కాగితంతో రుద్దాను. అద్దంలా వచ్చింది. పైన ప్రైమరు రెండు పూతలు వేశాను. సాయంత్రానికి ఎక్కడ బొక్కలున్నాయో నాకే కనిపించలేదు.

నాయన మర్నాడు కుడి చెయ్యి మెడకు కట్టుకుని దిగాడు. ఇంట్లోకి పోకుండా నేరుగా షెడ్డులోకి వచ్చి, ఎడమ చేత్తో ఆ మడ్‌గార్డును పైనుంచి కిందిదాకా తడిమి చూశాడు. ఎక్కడా ఆగలేదు. "బాగుండాది పాపా" అన్నాడు. ఆయన నోట ఆ మాట నేను వినడం అదే మొదటిసారి. వేరొకరి పనిని కూడా ఆయన బాగుందనడం ఎప్పుడూ వినలేదు. చెబుదామనుకున్న మాట ఆ మాటతో లోపలే ఉండిపోయింది. దామోదరం పండగకు రెండు రోజుల ముందు బండి తీసుకుపోయాడు. మునెమ్మ పంపిందని ఒక బెల్లం అచ్చు ఇచ్చాడు.

చెరుకు నరికే పని ముమ్మరంగా సాగే రోజుల్లో అది జరిగింది. దామోదరం బండి తోలుతున్నాడు, మురళి ఎడమ మడ్‌గార్డు మీద కూచున్నాడు. అందరూ అట్లాగే కూచుంటారు. వెనక ట్రాలీ నిండా చెరుకు. గానుగ దగ్గరికి పోయే దారిలో చక్రం కాలవ గుంటలో పడి లేచింది. ఆ అదురుకు మడ్‌గార్డు అడుగున తెగి పక్కకు ఒరిగింది. దానితోపాటు మురళి కింద పడ్డాడు. ట్రాలీ చక్రం అతని ఎడమ కాలు మీదుగా పోయింది. తిరుపతిలో ఆసుపత్రిలో మోకాలి కింద తీసేశారు.

వారం తర్వాత దామోదరం బావమరిది ఎవరో ఆ బండిని మా షెడ్డుకు తోలుకొచ్చి, విరిగింది బాగుచేసి పెట్టమని చెప్పి పోయాడు. మడ్‌గార్డు తాళ్లతో కట్టేసి ఉంది. నాయన తాళ్లు విప్పి దాన్ని నేలమీద పరిచి, తెగిన అంచు దగ్గర గొంతుక్కూచున్నాడు. అక్కడ రేకు లేదు. తెల్లటి పట్టీ పెళ్లలు, వాటి మధ్య నేను కూరిన గుడ్డ పేలికలు, చుట్టూ చిక్కటి తుప్పు. నేను గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్నాను. ఆయన తల ఎత్తలేదు.

"స్క్రూడ్రైవరు దిగిందా ఈడ?"

"దిగింది నాయనా."

"ఎన్ని తావుల?"

"మూడు."

ఒక్క మాట తిట్టి ఉంటే నాకు సులువుగా ఉండేది. ఆ పేలిక ఒకటి వేళ్లతో లాగి, అటూ ఇటూ తిప్పి చూసి, మళ్లీ అక్కడే పెట్టాడు. లేచి బావి దగ్గరికి పోయి చేతులు కడుక్కోవడం మొదలుపెట్టాడు. ఆ రోజు ఆయన ఏ పనీ చెయ్యలేదు, చేతులకు కడిగేంత మరకా లేదు. అయినా చాలాసేపు కడుక్కున్నాడు.

మర్నాడు ఉతికిన చొక్కా వేసుకుని, నన్ను కూడా రమ్మన్నాడు. బస్సులో ఇద్దరం ఒకే సీటులో కూచుని తిరుపతి దాకా పోయాం. ఆసుపత్రిలో మురళి మంచం పక్కన దామోదరం నిలబడి ఉన్నాడు. మునెమ్మ కింద గోడకు ఆనుకుని కూచుని ఉంది. నాయన చెప్పులు వార్డు బయటే వదిలి లోపలికి వచ్చాడు. గుళ్లోకి వచ్చినట్టు వచ్చాడు.

"దామోదరం, ఆ మడ్‌గార్డు అడుగున రేకు లేదప్పా. పట్టీ ఉండాది. అది నా షెడ్డులో పెట్టిన పట్టీ. తప్పు నాది" అన్నాడు.

దామోదరానికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నాయన చొక్కా పట్టుకున్నాడు. నర్సు వచ్చి విడిపించింది. మునెమ్మ లేవలేదు, ఏడవలేదు. కూచున్న చోటనుంచే నాయన చేతుల వైపు చూసి, "ఆ చేతులు పడిపోను" అంది. నాయన తల వంచుకుని నిలబడే ఉన్నాడు. ఆ చేతులు కావు, ఇవి అని నేను అనాలి. అనలేదు. మంచం మీదనుంచి మురళి మమ్మల్నిద్దర్నీ చూస్తున్నాడు.

నాయన ఆ బండికి రెండు మడ్‌గార్డులూ కొత్త రేకుతో చేసి, తానే పోయి బిగించి వచ్చాడు. ఆ ఊళ్లో ఎవరూ ఆయనకు మంచినీళ్లు కూడా ఇవ్వలేదని తర్వాత తెలిసింది. చంద్రగిరి వైపు నుంచి బండ్లు రావడం ఆగిపోయింది. రాయుడు బొక్కలకు పట్టీ పెడతాడన్న మాట సంతల్లో, మండీల్లో, గానుగల దగ్గర తిరిగింది. నాయన వినీ విననట్టు ఉండేవాడు. వచ్చిన ఒకటీ అరా బండికి మునుపటికంటే నెమ్మదిగా పని చేసేవాడు. నేను ఉప్పుకాగితం పట్టుకుంటే వద్దనలేదు, పట్టుకోమనీ అనలేదు. అమ్మకు అసలు సంగతి ఆయన చెప్పలేదు. నన్ను కాపాడటానికే ఆయన అబద్ధం మోస్తున్నాడనుకున్నాను. ఆ అనుకోవడమే నన్ను తినేసింది.

ట్రైనింగులో సీటు వచ్చింది. చేరడానికి ముందు ఒకరోజు, స్నేహితురాలి ఇంటికని చెప్పి, ఒక్కదాన్నే మురళి వాళ్ల ఊరికి పోయాను. మునెమ్మ, దామోదరం చేలో ఉన్నారు. మురళి వసారాలో కూచుని చెరుకు కత్తికి పిడి తొడుగుతున్నాడు. పక్కన కర్రలు రెండు ఉన్నాయి. నేను నిలబడే చెప్పాను. పట్టీ పెట్టింది నేనని, నాయన ఆ రోజు ఊళ్లో లేడని, బొక్కలున్నాయని నాకు తెలిసే పెట్టానని. అతను పిడి తిప్పుతూనే విన్నాడు.

"ఆ పొద్దు ఆసుపత్రిలో మీ నాయన చెప్తా ఉంటే నువ్వు చేతులు వోణీ కింద దాచిపెట్టుకున్నావు. అప్పుడే అనుకుంటి" అన్నాడు.

నేను ఏడ్చాను. అతను ఊరుకోమనలేదు.

"చెప్పినావు, సరే. నా కాలైతే రాదు కదా. నువ్వు ఈడికి వచ్చినట్టు మీ నాయనకు తెలుసునా?"

తెలియదన్నాను.

"అయితే పోయి ఆయప్పకు చెప్పు. మా వోళ్లు ఆయప్పను అననిమాట లేదు. ఆయప్ప ఒక్కదానికన్నా ఎదురు చెప్పలే."

అదే బస్సులో తిరిగొచ్చాను. నాయన షెడ్డు ముందు వేపపుల్లతో పళ్లు కుట్టుకుంటూ కూచుని ఉన్నాడు. ఎక్కడికి పోయి వచ్చానో చెప్పాను. నాకోసం నువ్వు అబద్ధం చెప్పావు, అది మోయడం నావల్ల కావడం లేదు అన్నాను. ఆయన నిజంగా ఆశ్చర్యపోయాడు.

"అబద్ధమేముండాది? పుత్తూరు నుంచి వచ్చి సూసింది నేనే కదా. ఎడం చేత్తో స్క్రూడ్రైవరు పట్టేదానికి బద్ధకమై, పైపైన తడిమి బాగుండాదంటి. నువ్వు దాచినావు. నేను అదిమి సూడలా. నేను సూసుంటే నువ్వు దాచింది బయటపడుండు కదా" అన్నాడు. వేపపుల్ల పారేసి, "నువ్వు పోయి చెప్పింది మంచిపని" అన్నాడు. లేచి లోపలికి పోయాడు. నా తప్పును ఆయన తీసుకోలేదు. తన తప్పును తాను తీసుకున్నాడు, నాది నాకు వదిలేశాడు. ఆ తేడా తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

నేను ట్రైనింగులో ఉండగా మురళి ఒకరోజు కర్రల మీద బస్సు దిగి షెడ్డుకు వచ్చాడట. చేలో పని చెయ్యలేను, కూచుని చేసే పని ఏదైనా నేర్పమని అడిగాడట. దామోదరం వద్దన్నా వచ్చాడు. నాయన అతనికి ఎత్తుపీట ఒకటి చేయించి, రేకు ఒళ్లో పెట్టుకుని రుద్దేటట్టు ఏర్పాటు చేశాడు. సెలవులకు వచ్చినప్పుడు చూసేదాన్ని. ఇద్దరూ పక్కపక్కన కూచుని గంటలకొద్దీ మాట్లాడకుండా పనిచేసేవాళ్లు. నాతో మురళి ముభావంగానే ఉండేవాడు. బాగున్నావా అంటే బాగున్నానంటాడు, అంతే. అతను నన్ను క్షమించాడని నేను ఎప్పుడూ అనుకోలేదు. ఆరేళ్ల తర్వాత సొంత ఊళ్లో సొంత షెడ్డు పెట్టుకున్నాడు. పెళ్లయింది, పిల్లలు. చంద్రగిరి వైపు బండ్లన్నీ అతని దగ్గరికే పోయేవి.

ఇప్పుడు ఎవరూ అంత తీరిగ్గా రేకు గీకరు. మడ్‌గార్డు పాడైతే అంగట్లో కొత్తది దొరుకుతుంది, ఒక గంటలో బిగించి పంపిస్తారు. మంచిదే. నాలాంటి పిల్ల చేతిలో ఎవరి కాలూ ఉండదు. అయినా చిత్తూరులో మామిడికాయల కాలంలో ట్రాక్టర్లు మా వీధిలో పోతుంటే, మడ్‌గార్డు మీద ఎవరో ఒకరు కూచునే ఉంటారు, కాళ్లు ఊపుకుంటూ, ఫోన్ మాట్లాడుకుంటూ. నేను తల తిప్పుకుంటాను. ఆ రోజుల్లో తప్పు చేస్తే ఎవరి ముందు నిలబడాలో తెలిసేది, వాళ్ల ఊరికి బస్సు ఉండేది. ఇప్పుడు ఏదైనా విరిగితే చేసింది ఎవరో, అమ్మింది ఎవరో, చూసి పంపింది ఎవరో తేల్చలేక అందరూ ఊరుకుంటారు. ఆ కాలం మంచిదని చెప్పడం లేదు. ఆ కాలంలో కూడా అందరూ మా నాయన లాగా లేరు. నేనే లేను.

ఏళ్ల కిందట నాయన పోయిన రోజు చంద్రగిరి వైపు నుంచి చాలామంది వచ్చారు. మురళి వచ్చాడు, దామోదరం వచ్చాడు. మధ్యాహ్నానికి మునెమ్మ వచ్చింది. బాగా ముసలిదైపోయింది, మనవరాలు చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది. నాయన దగ్గర కాసేపు నిలబడి, వచ్చి ఆడవాళ్ల మధ్య నా పక్కన కూచుంది. నేను ఎవరో ఆమెకు తెలుసు, రాయుడి కూతురని. అంతవరకే తెలుసు.

"ఆ పొద్దు ఆయప్పను అనరాని మాట అన్నె. తలకాయ వంచుకొని నిలబడుకొనుండె" అని మెల్లగా మొదలుపెట్టింది. "మాకు అన్యాయం చేసినోళ్లు శానామంది ఉండారు. తప్పు నాది అని మా ముందరికొచ్చి చెప్పినోడు ఈయప్ప ఒకడే."

పందిట్లో కర్రకు ఆనుకుని నిలబడిన మురళి ఆ మాట విన్నాడు. నా వైపు చూశాడు. పట్టీ పెట్టింది నేనని అతను ఇన్నేళ్లూ తన తల్లికి చెప్పలేదని అప్పుడు తెలిసింది. చెప్పాల్సింది తాను కాదని ఊరుకున్నాడేమో. చుట్టూ పదిమంది ఆడవాళ్లు ఉన్నారు. ఆమె నా మొహం వైపే చూస్తోంది. నేను లేచి లోపలికి పోయి, గ్లాసుతో నీళ్లు తెచ్చి, తాగవ్వా అన్నాను. ఆమె రెండు చేతులతో పట్టుకుని తాగింది. ఖాళీ గ్లాసు నాకిస్తూ, నా చెయ్యి ఒకసారి నిమిరి, "సల్లగుండు తల్లీ" అంది.